అమ్మ వృత్తి అనే గడిలో ఏం రాయాలి?
(అల్లిక జట్లు నేర్పే ఒక వాణిజ్య పాఠం)



నేను విరుదునగర్‌లో పుట్టి పెరిగాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఉద్యోగరీత్యా కోవిల్‌పట్టికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇక్కడే రిటైరయ్యాను. ఏటా ఉపకార వేతనాల దరఖాస్తులు వచ్చే రోజుల్లో, వాటిని పరిశీలించే పెద్దల పక్కన నేనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అంకెలు సరిచూడడం, కాగితాలు ఒకదానితో ఒకటి పోల్చడం నా పని. బ్యాంకులో చేసిందీ అదే కాబట్టి కష్టమనిపించదు.

దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అనే గడిలో రకరకాల జవాబులు ఉంటాయి. వ్యవసాయం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, నూలు మిల్లు, లారీ డ్రైవరు, కిరాణా కొట్టు. ‘తల్లి వృత్తి’ అన్నచోట మాత్రం ఎక్కువ కాగితాల్లో ఒకటే మాట కనబడుతుంది: గృహిణి. పక్కన ఆదాయం దగ్గర ఒక అడ్డగీత.

కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయి దరఖాస్తు వచ్చింది. గడిలో ‘గృహిణి, ఆదాయం లేదు’ అని ఉంది. చివర ‘మీ గురించి నాలుగు మాటలు’ అన్నచోట ఆ అమ్మాయి, తన తల్లి రాత్రి పన్నెండు దాకా క్రోషే అల్లి కాలేజీ బస్సు డబ్బులు ఇస్తోందని రాసింది. ఒక పేజీలో ఆదాయం లేదు, ఇంకో పేజీలో ఉంది. నేను ఎర్రసిరాతో ‘పొంతన లేదు’ అని రాసి పక్కన పెట్టాను. బ్యాంకు అలవాటు. ఆ ఏడు ఆ అమ్మాయికి సాయం అందలేదు.

ఇంటికి వచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. కారణం ఆ అమ్మాయి ఒక్కతే కాదు. మా అమ్మ కూడా.

మా అమ్మ అగ్గిపెట్టె

1970ల చివర నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో మా అమ్మ మధ్యాహ్నాలు తిన్నె మీద కూర్చుని లేసు అల్లేది. దిండు గలీబుల అంచులకు, లోపావడాల అంచులకు కుట్టే లేసు అది. ఒక దుకాణం వాళ్ళు దారపు ఉండ తూచి ఇచ్చేవారు. అల్లిన లేసును మళ్ళీ తూచి తీసుకునేవారు. బరువు తగ్గితే కూలిలో కోత. కూలి మాత్రం గజాల లెక్కన. అందుకని అమ్మ ముడి వేశాక కత్తిరించిన ప్రతి దారపు ముక్కనూ ఒక అగ్గిపెట్టెలో దాచి, లేసుతో పాటు తూకానికి ఇచ్చేది. ఆ లేసు ఎక్కడికి వెళ్తుందో, ఎంతకు అమ్ముతారో ఆమెకు తెలియదు. అడగాలని మాకెవ్వరికీ తోచలేదు.

నా బి.కాం. పరీక్ష ఫీజులు ఆ గజాల్లోంచి వచ్చినవే. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైనప్పుడు కుటుంబ వివరాల కాగితంలో తల్లి వృత్తి దగ్గర నేను ‘లేదు’ అని రాశాను. ఆ తర్వాత కౌంటరులో కూర్చుని, ఖాతా తెరవడానికి వచ్చిన ఎంతోమంది ఆడవాళ్ళకు అడగకుండానే ‘గృహిణి’ అని నింపాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలు దీన్ని ఒక పాఠంగా తీసుకోవాలని మనవి.

గిల్డు అంటే ఏమిటి?

ఒకే పని చేసేవాళ్ళు కలిసి, పని నేర్పడానికి, నాణ్యత చూసుకోవడానికి, ధర నిలబెట్టుకోవడానికి, కష్టసుఖాల్లో ఒకరికొకరు ఆసరాగా ఉండడానికి ఏర్పరచుకునే సంఘాన్ని ఇంగ్లీషులో గిల్డు అంటారు. మన దేశంలో దీనికి పాత పేరు శ్రేణి. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో దొరికిన శాసనం ఒక పట్టు నేతగాళ్ళ శ్రేణి గురించి చెబుతుంది. వాళ్ళు నేటి దక్షిణ గుజరాత్ ప్రాంతమైన లాట దేశం నుంచి వలస వచ్చి, దశపురంలో స్థిరపడి, క్రీ.శ. 436 ప్రాంతంలో సూర్యదేవాలయం కట్టించారు. 473 ప్రాంతంలో దాన్ని బాగుచేయించారు. వచ్చినవాళ్ళలో కొందరు నేత వదిలి వేరే వృత్తుల్లోకి వెళ్ళారని కూడా ఆ శాసనంలో ఉంది. అయినా శ్రేణి నిలిచింది.

ఈ మాట మనకు కొత్త కాదు. మన పూర్వీకులు కూడా తెలుగు నేల వదిలి ఈ నల్లరేగడికి వచ్చినవాళ్ళే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ‘గోపల్ల గ్రామం’ (1976) నవలలో అటువంటి వలస కథే చెప్పారు. ఊరు మారినా కలిసి ఉన్నవాళ్ళు నిలబడతారన్నది మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాటే.

ఇక అల్లిక సంగతి. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే మతాచార్యుడు మేజోళ్ళు అల్లే మగ్గం కనిపెట్టాడు. ఆ మగ్గాల మీద పనిచేసేవాళ్ళు లండన్‌లో సంఘంగా ఏర్పడి 1657లో అధికార పత్రం సంపాదించారు. నేడు తిరుప్పూర్‌లో తయారయ్యే బనియన్ల గుడ్డ కూడా ఆ యంత్రం సంతతి మీద అల్లినదే. గమనించండి: యంత్రం మీద కూర్చున్నవారికి సంఘమూ పత్రమూ వచ్చాయి. ఇంట్లో కూర్చుని చేత్తో అల్లినవారి పని చాలా చోట్ల ‘తీరిక వేళ పని’గానే మిగిలింది.

రెండు రకాల అల్లిక

మగపిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. నాకూ రిటైరయ్యాకే తెలిసింది. స్వెట్టరు అల్లికకు రెండు పొడుగాటి సూదులు కావాలి. వరుసలో ఉన్న కుట్లన్నీ సూది మీద తెరుచుకునే ఉంటాయి. ఒకటి జారితే కిందిదాకా నిచ్చెనలా జారిపోతుంది. క్రోషేకి ఒకటే సూది, కొసన కొక్కెం ఉంటుంది. సాధారణంగా ఒకసారికి ఒక కుట్టే తెరుచుకుని ఉంటుంది. మిగతావన్నీ ముడిపడిపోయి ఉంటాయి. అందుకే క్రోషే పనిని మధ్యలో ఆపి, పొయ్యి మీద పాలు దింపి, పిల్లవాడికి అన్నం పెట్టి వచ్చి మళ్ళీ అందుకోవచ్చు. ఇంటి పని మధ్య అల్లుకోవడానికి అనువుగా ఉండడమే ఆ పనికి మేలూ అయింది, కీడూ అయింది. ఇంటి పనిలో కలిసిపోవడం వల్ల దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టలేదు.

కోవిల్‌పట్టి ఎండలో ఊలు ఎందుకని అడుగుతారు. మా జట్టు ఎక్కువగా నూలు దారంతోనే అల్లుతుంది. ఇది పత్తి పండే నేల. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901 నుంచి ఉంది. పత్తి మీద అక్కడ చాలా కృషి జరిగింది. చుట్టూ నూలు మిల్లులు ఉన్నాయి. దారం మన ఊరి సరుకే.

నర్సాపురం చెప్పే పాఠం

తెలుగువారి అల్లికకు పెద్ద ఉదాహరణ పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం. 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. తర్వాత అది గోదావరి డెల్టా పల్లెల్లో వేల ఇళ్ళకు పాకింది. దేశాలు దాటి ఎగుమతి అయింది.

1970ల చివర జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ పల్లెలకు వచ్చి అధ్యయనం చేశారు. 1982లో వెలువడిన ఆమె పుస్తకం పేరు ‘నర్సాపురం లేసు పనివారు’ అని అర్థం వచ్చేది. దాని ఉపశీర్షికలో ‘గృహిణులు’ అన్న మాట ఉంది: ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారుచేసే భారతీయ గృహిణులు. మొత్తం సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటికి తెస్తాడు, ఆడవాళ్ళు ముక్కలు అల్లుతారు, వేరే ఆడవాళ్ళు వాటిని అతుకుతారు. దీన్ని అతుకుపని అంటారు. పువ్వు అల్లినామెకు పూర్తి బల్లగుడ్డ ఎలా ఉంటుందో తెలియదు, ధర అసలే తెలియదు. రోజంతా అల్లినా కూలి రూపాయి కూడా పడేది కాదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని కదా అన్న ఒక్క మాటతో ఆ కూలిని సమర్థించేవారు.

మరియా మీస్ గారు అక్కడ లెక్కలు రాసుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ మా అమ్మ అగ్గిపెట్టెలో దారపు ముక్కలు దాచుకుంటోంది. ఆ పుస్తకం గురించి నాకు తెలిసింది రిటైరయ్యాక. ముందే తెలిసి ఉంటే కౌంటరులో నా చేతి రాత వేరుగా ఉండేదేమో.

తర్వాతి కాలంలో అక్కడ మార్పులు వచ్చాయి. నర్సాపురం దగ్గర సీతారామపురంలో అంతర్జాతీయ లేసు వాణిజ్య కేంద్రం వెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, సభ్యులే నడుపుకునే సంఘాలకు దారి ఇచ్చింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో వచ్చిన గుర్తింపు లాంటిదే. ఆ గుర్తింపు ఊరి పేరును, సరుకు పేరును కాపాడుతుంది. అల్లిన చేతికి ఎంత ముడుతుందో మాత్రం ఆ చేతులు కలిసి కూర్చుని లెక్క వేసుకోవాల్సిందే.

మా శనివారం జట్టు

మా ఇంటి వరండాలో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పన్నెండు పదముగ్గురు ఆడవాళ్ళు చేరతారు. దీనికి పేరు లేదు, బోర్డు లేదు. మా ఆవిడ, ఆమె వదిన, ఎదురింటి తమిళ అక్క కలిసి మొదలుపెట్టారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చేవారు ఉన్నారు, రిటైరైన టీచరు ఉన్నారు, మొన్న పెళ్ళయిన కోడలు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తెలుగులో, మిగతావాళ్ళు తమిళంలో మాట్లాడతారు. కుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరి భాషలో వాళ్ళు లోలోపల లెక్కపెట్టుకుంటారు.

నా పని టీ కలపడం, లెక్కల పుస్తకం రాయడం. కొన్ని నెలల్లో వాళ్ళు తమంతట తాము పెట్టుకున్న నియమాలు ఇవి:

1. కొత్తగా వచ్చిన వారికి నేర్పకుండా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఒకరు ఒకరికి నేర్పాలి.
2. తప్పు పడిన వరుసను విప్పేటప్పుడు ఎవరూ నవ్వకూడదు. విప్పే దారాన్ని పక్కనున్నవారు ఉండ చుట్టాలి.
3. ప్రతి కొత్త పనికి ముందు కొలత ముక్క అల్లాలి.
4. ఎంతసేపు అల్లారో ఎవరి నోటుపుస్తకంలో వారు రాసుకోవాలి.
5. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, వారి వాటా పని మిగతావారు పంచుకోవాలి. డబ్బు మాత్రం ముందు ఒప్పుకున్న వారికే.

ఐదో నియమం చూసి నేను అభ్యంతరం చెప్పాను. పని చేయనివారికి డబ్బు ఇవ్వడం లెక్కల ప్రకారం తప్పు అన్నాను. టీచరుగారు నవ్వి, “తమ్ముడూ, బ్యాంకులో మీకు మెడికల్ లీవు లేదా?” అన్నారు. ఇక నేను మాట్లాడలేదు.

నేను చేసిన పొరపాటు

మూడో నియమం రావడానికి నేనే కారణం. మొదటి సంవత్సరం ఒకాయన నలభై పసిపిల్లల టోపీలు అడిగారు. తలా ఒక కొలత ముక్క అల్లుదామని మా ఆవిడ అంటే, దారమూ సమయమూ వృథా అని నేను వద్దన్నాను. అందరికీ ఒకే దారం, ఒకే సైజు సూది, టోపీ చుట్టూ 72 కుట్లు. ఇంకేం కావాలి అనుకున్నాను.

కావలసింది ఉంది. చేతి బిగువు ఒకరిది ఒకలా ఉంటుంది. ఒకామె వదులుగా అల్లితే పది సెంటీమీటర్లకు 20 కుట్లు పడతాయి. ఇంకొకామె బిగించి అల్లితే 24 కుట్లు పడతాయి. లెక్క చూడండి:

వదులు చేయి: 72 ÷ 20 × 10 = 36 సెం.మీ.
బిగువు చేయి: 72 ÷ 24 × 10 = 30 సెం.మీ.

అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి టోపీ పడుతుంది, రెండోది పట్టదు. నలభైలో పదిహేడు టోపీలు తిరిగి వచ్చాయి. అన్నీ విప్పి మళ్ళీ అల్లారు. ఒక్క గంట మిగిలిద్దామని నేను చెప్పిన మాట వల్ల వారంరోజుల పని పెరిగింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. రెండో నియమం నాకూ వర్తించిందన్నమాట.

దీన్ని వాణిజ్యంలో నాణ్యతా ప్రమాణం అంటారు. జట్టు ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది. ఒంటరిగా అల్లేవారికి తన చేయి బిగువో వదులో తెలియదు. పక్కవారి ముక్కతో పోల్చినప్పుడే తెలుస్తుంది.

ఒక బల్లగుడ్డ లెక్క

ఇప్పుడు అసలు పాఠం. ఈ అంకెలు లెక్క నేర్పడానికి తీసుకున్నవి. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి.

దారం: రూ. 80
ఉతకడం, గంజి, కవరు, బస్సు ఖర్చు: రూ. 20
పని 10 గంటలు, గంటకు రూ. 40 చొప్పున: రూ. 400
మొత్తం: రూ. 500
జట్టు నిధికి నూటికి పది: రూ. 50
అడగవలసిన ధర: రూ. 550

ఇదే బల్లగుడ్డను మొగమాటపడి 200 రూపాయలకు ఇచ్చారనుకోండి. దారం, ఇతర ఖర్చులు 100 పోతే మిగిలింది 100. పది గంటలతో భాగిస్తే గంటకు పది రూపాయలు. ఈ భాగహారం చేయనంతకాలం 200 రూపాయలు లాభంలా కనబడతాయి. చేతికి వచ్చిన మొత్తం స్థూల ఆదాయం, ఖర్చులు పోగా మిగిలింది నికర ఆదాయం. మా అమ్మకు స్థూలమూ తెలుసు, నికరమూ తెలుసు. గంటల లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

విరుదునగర్‌లో వచ్చిన తగవు

మా జట్టు చూసి విరుదునగర్‌లో మా చిన్నమ్మ కూతురు ఇంకో జట్టు మొదలుపెట్టింది. నెలకొకసారి నేను సాత్తూరు మీదుగా బస్సులో వెళ్ళి వాళ్ళ పుస్తకం చూసి వస్తాను. రెండో ఏడు అక్కడ ఒక తగవు వచ్చింది. ఒక పెద్ద మంచం దుప్పటికి ఎనిమిదిమంది పువ్వులు అల్లారు, ఒకామె వాటన్నింటినీ అతికింది. పువ్వుకింత అని డబ్బు పంచారు. అతికినామెకు పువ్వులు లేవు కాబట్టి ఏదో కొంత ఇచ్చారు. ఆమె రెండు శనివారాలు రాలేదు.

పువ్వు లెక్కన పంచితే చేయి వేగం ఉన్నవారికి లాభం. గంటల లెక్కన పంచితే మెల్లగా అల్లేవారికి ఎక్కువ పోతుందని వేగం ఉన్నవారి బాధ. రెండూ న్యాయమైన మాటలే. చివరకు వారే ఒక దారి కనిపెట్టారు. ముగ్గురు, అంటే ఒక వేగం చేయి, ఒక మధ్యరకం చేయి, ఒక పెద్దావిడ, ఒక్కొక్క పువ్వు అల్లి ఎంతసేపు పట్టిందో చూస్తారు. ఆ మూడింటి సగటే ఆ పువ్వుకు గంటలు. అతుకుపనికి కూడా అలాగే మూరకు ఇంత సమయం అని కట్టారు. ఎవరు ఎంత వేగంగా చేసినా, ఎంత మెల్లగా చేసినా పుస్తకంలో పడేది ఆ నిర్ణీత సమయమే. కాస్ట్ అకౌంటింగులో దీనికి ప్రామాణిక సమయం అని పేరు. ఎనిమిదో తరగతి దాటని మా చెల్లెలు పాఠ్యపుస్తకం లేకుండానే అక్కడికి చేరింది. అతికినామె మూడో శనివారం వచ్చింది.

చేతులు కలిస్తే

పెద్ద ఎత్తున కలిసి అల్లితే ఏమవుతుందో 2016లో చెన్నైలో చూశాం. ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ అనే బృందం జనవరి 31న 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరచి గిన్నిస్ రికార్డు సాధించింది. అంతా ఒకచోట అల్లినది కాదు. ఎక్కడివారు అక్కడ ఇంట్లో కూర్చుని సుమారు మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్కలు అల్లి పంపితే, వాటిని కలిపారు. తర్వాత ఆ దుప్పట్లను అవసరమైనవారికి పంచారు. ఒకే కొలత ఒప్పుకోవడం వల్లే అది సాధ్యమైంది. కొలత తప్పితే ఏమవుతుందో నా టోపీలు చెబుతాయి.

నమోదు ఎందుకు?

పొదుపు సంఘాల గురించి నాకు ఉద్యోగంలో తెలిసింది. 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపింది. తమిళనాడులో ధర్మపురి జిల్లాలో 1989లో మొదలైన పని 1997–98 నుంచి మహళిర్ తిట్టంగా రాష్ట్రంలో విస్తరించింది. పది నుంచి ఇరవైమంది ఉన్న సంఘం, క్రమంగా సమావేశమై, పొదుపు చేసి, పుస్తకం సరిగా రాస్తే బ్యాంకు అప్పు ఇస్తుంది. అప్పు ఇచ్చేముందు మేం మొదట చూసేది ఆ పుస్తకమే. అల్లిక జట్టుకు కూడా ఇదే దారి.

చేతిపనివారికి కేంద్ర జౌళి శాఖ కింద ఉన్న హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయం ‘పెహచాన్’ పేరుతో గుర్తింపు కార్డు ఇస్తుంది. అసంఘటిత రంగంలో పనిచేసేవారి కోసం 2021లో ‘ఇ-శ్రమ్’ నమోదు మొదలైంది. మీ అమ్మగారు అల్లి అమ్ముతున్నట్లయితే ఈ రెండింటి గురించి విచారించగలరు.

ఇంట్లో కూర్చుని పనిచేసేవారిని కూడా పనివారిగా గుర్తించాలని అహ్మదాబాదులో 1972లో ఇలా భట్ గారు స్థాపించిన ‘సేవా’ సంఘం చాలాకాలం పోరాడింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహ ఆధారిత పని గురించి 177వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశ నమూనా సర్వేల్లో కూడా ఇంటి పనితో పాటు ఇంటి అవసరానికి కుట్టు, నేత వంటివి చేసేవారికి 93 అనే సంకేత సంఖ్య ఉంది. అమ్మకానికి చేస్తే ఆమె ఆ సంఖ్య కిందికి రాదు. ఆమె పనివారిలో ఒకరు. ఇంత తేడా ఒక గడిలో ఉంది.

మళ్ళీ ఆ అమ్మాయి సంగతి

నేను ‘పొంతన లేదు’ అని రాసిన కాగితం వల్ల ఆ ఏడు పోయింది. కొన్ని వారాల తర్వాత మా ఆవిడను వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ తల్లి మొదట భయపడింది. “ఆదాయం ఉందని రాస్తే పాపకు డబ్బు రాదని అందరూ అన్నారన్నా, అందుకే గీత పెట్టాం” అంది. ఆమె భయం అబద్ధం కాదు. చాలా ఇళ్ళలో ఉన్న భయమే. కూతురు మాత్రం అమ్మ కష్టం రాయకుండా ఉండలేకపోయింది.

మూడు నెలలు ఒక నోటుపుస్తకంలో రాసుకోమని చెప్పాను. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా అంకెలు కొద్దిగా మార్చి ఇస్తున్నాను. మూడు నెలల్లో చేతికి వచ్చింది రూ. 6,600. దారానికి రూ. 2,100, బస్సుకూ మిగతా వాటికీ రూ. 300. నికరంగా మిగిలింది రూ. 4,200. నెలకు 1,400, ఏడాదికి 16,800. స్థూలంగా రాస్తే 26,400 అయ్యేది. ఏమీ రాయకపోతే ఆ రాత్రులన్నీ సున్నా. తండ్రి సంపాదనకు ఈ నికరం కలిపినా మొత్తం పరిమితికి చాలా తక్కువే ఉంది. అంటే, దాచవలసిన అవసరమే లేకపోయింది. లెక్క తెలియక దాచారు. లెక్క తెలిసిన నేను అడగకుండా పక్కన పెట్టాను.

మరుసటి ఏడు దరఖాస్తులో ఆ అమ్మాయి ‘తల్లి వృత్తి: క్రోషే అల్లిక, ఇంటి నుంచి. నికర ఆదాయం రూ. 16,800’ అని రాసి, నోటుపుస్తకం నకలు జతచేసింది. ఆ ఏడు సాయం అందింది. పోయిన ఏడు తిరిగి రాదు. ఆ ఏడు బస్సు డబ్బులు కూడా ఆ తల్లి అల్లికలోంచే వచ్చాయి.

తల్లి పని, ఆదాయం అనే రెంటికీ వేరువేరు గళ్ళు ఉండాలని నేను పెద్దలకు మనవి చేశాను. ఇంకా నిర్ణయం కాలేదు. గడి మారేదాకా ఆగనవసరం లేదు. ఉన్న గడిలోనే నిజం రాయవచ్చు. అమ్మ అల్లుతుంటే అల్లిక అని, టైలరింగు చేస్తుంటే టైలరింగు అని, అగ్గిపెట్టెలు అంటిస్తుంటే అదే రాయండి. ఇంటి పని మాత్రమే చేస్తుంటే గృహిణి అని గౌరవంగా రాయండి. అదీ పనే. రాసేముందు మాత్రం ఒక్కసారి అమ్మను అడగండి.

అభ్యాసం

1. మీ ఇంట్లో అమ్మగాని, అమ్మమ్మగాని, నాయనమ్మగాని చేతిపని చేసి డబ్బు సంపాదించారా? ఎవరికి అమ్మారు? ధర ఎవరు నిర్ణయించారు? అడిగి ఒక పేజీ రాయండి.
2. ఒక వస్తువును తీసుకుని, పైన చూపిన విధంగా దారం, ఇతర ఖర్చు, గంటలు వేసి ధర కట్టండి. ఇప్పుడు అమ్ముతున్న ధరతో పోల్చండి.
3. 10 సెం.మీ.లకు 18 కుట్లు పడే చేయి 42 సెం.మీ. చుట్టుకొలత గల టోపీకి ఎన్ని కుట్లు వేయాలి? (దగ్గరి పూర్ణసంఖ్య రాయండి.)
4. పువ్వు లెక్కన, గంటల లెక్కన, ప్రామాణిక సమయం లెక్కన: ఈ మూడు పద్ధతుల్లో మీకు ఏది న్యాయంగా తోస్తుంది? కారణం రాయండి.
5. స్థూల ఆదాయానికి, నికర ఆదాయానికి తేడా మీ అమ్మగారికి అర్థమయ్యేలా ఇంటి భాషలో చెప్పి, ఆమె ఏమన్నారో రాయండి.

మూడో ప్రశ్నకు జవాబు 76. మిగతా నాలుగింటికి జవాబులు నా దగ్గర లేవు, మీ ఇళ్ళలో ఉన్నాయి.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె కొక్కెం సూది ఒకటి శనివారం జట్టులో తిరుగుతూ ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవారికి మొదట ఇచ్చేది అదే. బ్యాంకు కాగితంలో నేను రాసిన ‘లేదు’ను ఇప్పుడు దిద్దలేను. ఈ పేజీలో రాస్తున్నాను: నా తల్లి వృత్తి, లేసు అల్లిక.